మూడో వైరు, నాలుగో వైరు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇక్కడ రాయబోయేదంతా ఆ కోపం పుణ్యమే. ముంబై దగ్గర భివండీలో మూడు బట్టల మిల్లుల్లో పనిచేశాను. మూడింటి నుంచీ నా నోరే నన్ను బయటికి పంపింది. పని రాక కాదు. కరీంనగర్ దిక్కు ఐటీఐ చదివినవాణ్ణి, చేతిలో మీటరు ఉంటే ఏ మిషన్‌కు ఏ రోగమో పది నిమిషాల్లో తేల్చేవాణ్ణి. కానీ నా పనిలో ఎవరైనా వేలు పెడితే ఒళ్ళు మండేది. నలభై దాటాక పెళ్ళాన్నీ, బడికి పోయే ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని సూరత్ రైలెక్కినప్పుడు మా ఆవిడ దారిలోనే ఒట్టేయించుకుంది. "ఈడన్న జర నోరు మూసుకొని పనిచెయ్. మళ్ళ మూట గట్టుడు నాతోని గాదు" అంది. మూసుకున్నాను. ఒక రెండు నెలలు.

ఇప్పుడు పని మానేసి సూరత్‌లోనే డిండోలీలో ఇంటిపట్టున ఉంటున్నాను. మా వాడకట్టులో కంప్యూటర్ల మీద పనిచేసే తెలుగు పిల్లలు చాలామంది చేరారు. పాత మిషన్ అంటే వాళ్ళకు నవ్వు. "ఇంకా ఆ డబ్బానా అంకుల్, పడేయండి" అంటారు. నేనూ ఆ వయసులో అలాగే అనేవాణ్ణి కాబట్టి వాళ్ళను తిట్టలేను. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

మా మిల్లు తాపీ నది అవతల అమ్రోలీలో ఉండేది. చీరల అంచులు నేసే జకార్డు మగ్గాలు. జకార్డు అంటే తెలియనివాళ్ళకు రెండే ముక్కలు చెబుతాను. అంచు మీద పువ్వు పడాలంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవి చిల్లులు కొట్టిన గట్టి అట్టలు. ఒక్కో అట్ట మీద వరసకు ఎనిమిది చిల్లుల చోటు. చిల్లుంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఒక అంచుకు వేల అట్టలు కావాలి, వాటిని దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తారు. మా దగ్గర ఆ అట్టలు కొట్టడానికి ఒక మిషన్, దాన్ని నడిపించడానికి ఒక కంప్యూటర్. కంప్యూటర్ నుంచి ఎనిమిది వైర్లు వెళ్తాయి, మిషన్‌లో ఎనిమిది సూదులుంటాయి. ఒక్కో వైరు ఒక్కో సూదికి. అంతే, ఇంతకంటే మీకు తెలియాల్సిన శాస్త్రం లేదు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేవాడు మా మాస్టర్. కంప్యూటర్‌లో పువ్వు గీసేదీ, అట్టలు కొట్టేదీ ఆయనే. మా జిల్లావాడే, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నెమ్మదైన మనిషి. నన్ను "తమ్మీ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి. ఆయన తెరమీద ఒక మొగ్గ గీసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసేవాడు. నచ్చకపోతే మొత్తం చెరిపేసేవాడు. నేనైతే అంతసేపట్లో మూడు మోటార్లు విప్పి బిగించేవాణ్ణి.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక పొద్దున ఆ కంప్యూటర్ చచ్చిపోయింది. మీట నొక్కితే ఫ్యాను కూడా తిరగలేదు. విప్పి చూస్తే బోర్డు మీద కెపాసిటర్లన్నీ ఉబ్బి పగిలాయి. అలాంటి బోర్డు బజారులో ఎక్కడా దొరకదు. అట్టలు కొట్టే సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్ మీద ఎక్కదు, అది పాత విండోస్ తప్ప దేన్నీ గుర్తుపట్టదు. దాన్ని అమ్మినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు.

మిల్లు యజమాని సేటు వచ్చి చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయనకు పెద్ద బాధేం లేదు. ఇచ్ఛాపూర్‌లో ఆయన కొత్త షెడ్డు లేస్తోంది, అక్కడన్నీ ఎలక్ట్రానిక్ జకార్డులు. అట్టల్లేవు, పెన్‌డ్రైవ్ గుచ్చితే పువ్వు పడుతుంది. అమ్రోలీ మగ్గాలు తుక్కుకు పోతే నేసేవాళ్ళంతా అక్కడికి వెళ్తారు. నాకూ అక్కడ పనుంది, కరెంటున్న చోటల్లా ఎలక్ట్రీషియన్ కావాలి కదా. డిజైన్లకు మాత్రం కొత్త సాఫ్ట్‌వేర్ చదివినవాళ్ళను అప్పటికే పెట్టుకున్నారు. చోటు లేనిది మాస్టర్ ఒక్కడికే. సేటు చెడ్డవాడేం కాదు. కానీ ఆయన దృష్టిలో మాస్టర్ ఆ మిషన్‌లో ఒక భాగం, మిషన్‌తో పాటే పోవాలి.

ఆ సాయంత్రం గేటు దగ్గర చా తాగుతూ మాస్టర్ అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది.

"ఇంట్ల తిండికి తక్కువైతదని గాదు తమ్మీ. ఇద్దరమే, ఎట్లనో ఎల్లుతది. గని గా మిషిన్ ఉన్నన్ని దినాలే నేను మాస్టర్ను. అది వొయినంక ఉత్త ముసలోన్ని."

బాధ వచ్చినా కోపంలాగే బయటికొస్తుంది నాకు. "ఏం మాట్లాడుతున్నవన్నా? డబ్బా వొయిందిగని డిస్కు బతికే ఉన్నది. నీ మిషిన్‌ను నేను నడిపిస్త" అని గట్టిగా అరిచాను. ఎలా నడిపించాలో ఒక్క ముక్క తెలియదు.

తెలిసిన మనిషి మా నెత్తిమీదే ఉంది. మా పై వాటాలో అద్దెకున్న గోదావరి జిల్లా అమ్మాయి, ఏదో కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. డిస్కు సంచిలో వేసుకుని మెట్లెక్కాను. అంతా విని ఆ అమ్మాయి నవ్వింది.

"ఏం పర్లేదండీ అంకుల్. దాని ప్రాణం డిస్కులోనే ఉందండీ, ఒళ్ళు పోయిందంతే. ఇంకో ఒంట్లోకి పంపించేద్దాం."

"ఏంది, పరకాయ ప్రవేశమా?"

"అలాంటిదే అనుకోండి. కొత్త కంప్యూటర్లో వర్చువల్ మెషీన్ అని ఒకటి పెడతామండీ. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నాటకమన్నమాట. ఈ డిస్కునంతా ఒక్క ఫైలు కింద కాపీ చేసి అందులో పెడతాం. లోపలున్నోడికి తను కొత్త ఒంట్లో ఉన్నట్టే తెలీదండీ. పాత డబ్బాలోనే ఉన్నాననుకుని తన పని తను చేసుకుపోతాడు."

"మోసం గాదా బిడ్డా?"

"మోసమేనండీ. కానీ మంచి మోసం."

కొత్త కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చి పెడితే, ఆదివారం పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. డిస్కు మధ్యమధ్యలో కీచుమని మొరాయించేది, ఆ అమ్మాయి ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టేది. నేనైతే ఎప్పుడో గోడకేసి కొట్టేవాణ్ణి. చివరికి కొత్త తెర మధ్యలో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో పాత విండోస్, పాత రంగులు, పాత గడియారం. నేను ఫోన్ చేస్తే మాస్టర్ బస్సెక్కి వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే వదిలేసి లోపలికొచ్చి, ఆ కిటికీలోకి వంగి చూశాడు. మౌసు పట్టుకుని తన డిజైన్ల డబ్బా తెరిచాడు. వందల పేర్లు వరసగా దిగుతున్నాయి. తామర మొగ్గలు, చిలకల బారు, గోరింట ఆకు, మామిడి పిందె.

"నా పూలన్ని ఉన్నయ్" అన్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఇంకోసారి అన్నాడు. "అన్ని ఉన్నయ్ తమ్మీ."

గోదావరి అమ్మాయి కాఫీ పెడతానని లోపలికెళ్ళి, కాఫీ లేకుండానే చాలాసేపటికి ముక్కు ఎగబీలుస్తూ బయటికొచ్చింది.

సేటు దగ్గరికి వెళ్ళి అడిగాం. ఆయన ఒక షరతు పెట్టాడు. పాత గిరాకీ ఒకాయన తామర మొగ్గల అంచు చీరలే మళ్ళీ కావాలంటున్నాడు, ఆ డిజైన్ అట్టలు నలిగి చినిగిపోయాయి. కొత్త కంప్యూటర్‌తో ఆ అట్టలు కొట్టి, మగ్గానికి కట్టి, బట్ట నేసి చూపించాలి. బట్ట బాగుంటే అమ్రోలీ షెడ్డు నడుస్తుంది, మాస్టర్ కుర్చీ మాస్టర్‌కుంటుంది. బాగుండకపోతే ఆ వారంలోనే తుక్కువాడు లారీ తెస్తాడు.

కొత్త కంప్యూటర్‌ను మిల్లుకు తెచ్చి చూస్తే, దానికి పాత మిషన్ వైరు గుచ్చే చోటే లేదు. పాతకాలం ప్రింటర్ పోర్టు ఉన్న కార్డొకటి బజారులో వెతికి తెచ్చి బిగించాను. అయినా మిషన్ ఉలకదు పలకదు. పై వాటా అమ్మాయికి ఫోన్ చేస్తే, "ఆ పోర్టుని బయటోడు పట్టుకుని కూర్చున్నాడండీ, లోపలోడికి అప్పజెప్పాలి" అని ఏదో సెట్టింగు చెప్పింది. మార్చగానే మిషన్ సూదులు టకటకా లేచాయి. మాస్టర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కంప్యూటర్‌కూ మిషన్‌కూ మధ్య ఉన్న పాత కేబుల్ చూస్తే నాకు చీదర పుట్టింది. పైతోలు పెచ్చులు రాలుతోంది, మధ్యలో ఎప్పుడో వేసిన అతుకు ఒకటి, దాని మీద చుట్లు చుట్లుగా టేపు. కొత్త కంప్యూటర్‌కు ఈ ముష్టి వైరేంటి అనిపించింది. కొత్త కేబుల్ కొని, రెండు కొసలా పిన్నుల ప్లగ్గులు అతికించి తయారుచేశాను. ఆ పిన్నుల్నే మేం కాళ్ళంటాం. ఒకటో కాలికి ఒకటి, రెండో కాలికి రెండు, ఎనిమిదింటికి ఎనిమిది, అద్దంలా.

మాస్టర్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. "పాత వైరే ఉంచుదాం తమ్మీ" అన్నాడు.

"ఎందుకన్నా? అది సచ్చిపోయింది."

మళ్ళీ అడిగాడు. "పోనీ, పాత దాంట్ల ఎట్లున్నదో అచ్చం గట్లనే చేసినవా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అచ్చం గట్లనే చేసిన. ముప్పై ఏండ్ల సంది గిదే పని జేస్తున్న, నాకు తెల్వదా?"

ఆయన నా మాట నమ్మాడు. నేను పాత కేబుల్ విప్పి కూడా చూడలేదని ఆయనకేం తెలుసు?

మూడు రోజులు అట్టలు కొట్టారు. దండ కుట్టి మగ్గానికి ఎక్కించారు. శుక్రవారం పొద్దున సేటు వచ్చి నిలబడ్డాడు. మగ్గం మొదలైంది. జానెడు బట్ట దిగేసరికే మగ్గం మీదున్నవాడు చెయ్యి ఆపేశాడు. తామర మొగ్గల అంచులన్నీ రంపపు పళ్ళలా కొరుక్కుపోయి ఉన్నాయి. మొగ్గ మొగ్గలా లేదు, చెదలు పట్టిన ఆకులా ఉంది. అట్టల్ని చూసి ఇలాంటిది కనిపెట్టడం ఎవరివల్లా కాదు, బట్ట దిగాకే తెలుస్తుంది.

"కిస్‌కీ గల్తీ హై?" అన్నాడు సేటు. ఎవరిదీ తప్పు?

మాస్టర్ బట్టను వేలితో తడిమాడు. ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత సేటు వైపు తిరిగి, "మేరీ హై సేఠ్. డిజైన్ మే గల్తీ హో గయీ" అన్నాడు. తప్పు నాదే, డిజైన్‌లో పొరపాటు జరిగింది.

సేటు గట్టిగా కూడా అనలేదు. వయసైపోయింది కదా అన్నట్టు ఆయన భుజం తట్టాడు. వచ్చే వారం తుక్కువాడిని పిలుస్తున్నానని చెప్పి, కారెక్కి ఇచ్ఛాపూర్ వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన మాట రాయాలి. మాస్టర్ తప్పు తనదన్నప్పుడు నాకు ముందుగా అనిపించింది జాలి కాదు, హమ్మయ్య అని. నా వైర్లు కాదు, నా పోర్టు కాదు, నా పేరు నిలబడింది అని. ఆ హమ్మయ్య ఒక చా తాగేంత సేపు ఉంది. తర్వాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆ డిజైన్ మీద అంతకుముందు ఎన్ని వందల చీరలు దిగలేదూ? పదేళ్ళు బాగా పనిచేసిన డిజైన్‌లో ఇవాళ తప్పెలా వస్తుంది?

నా కేబుల్‌లో తప్పులేదని రుజువు చేసుకుందామనే కూర్చున్నాను. మీటరు పెట్టి ఎనిమిదీ చూశాను, వైరు కలిసిన చోటల్లా అది కుయ్యిమంది, అన్నీ సరే. తర్వాత పాత కేబుల్ తీసి పెట్టాను. ఒకటి సరే, రెండు సరే. మూడో కాలికి పెడితే మీటరు కుయ్యిమనలేదు. అవతలి కొసన మీటరు ముల్లు జరిపి నాలుగో కాలికి పెడితే కుయ్యిమంది. నాలుగోది చూస్తే మూడో కాలికి పోతోంది. పాత కేబుల్‌లో ఆ రెండు వైర్లూ తారుమారై ఉన్నాయి.

మధ్యలో ఉన్న అతుకు టేపు విప్పాను. ఒక్కో అతుక్కీ విడిగా సన్నటి పచ్చ ప్లాస్టిక్ గొట్టం తొడిగి, దాని మీద దారంతో మూడు చుట్లు చుట్టి ఉంది. అలా దారం చుట్టేవాణ్ణి సూరత్‌లో నేనొక్కణ్ణే. ఐటీఐలో మా మేష్టారు కొట్టి నేర్పిన అలవాటు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను చేరిన రెండో నెలలో ఎలకలు ఆ కేబుల్ కొరికేస్తే అతికించింది నేనే. వైర్ల రంగులు వెలిసిపోయి ఉన్నాయి. నారింజదీ ఎర్రదీ ఒకేలా కనిపించి ఉంటాయి. పదమూడేళ్ళ కిందటి మాట.

కేబుల్ చేత్తో పట్టుకుని మాస్టర్ గదికి వెళ్ళాను. ఆయన తన సామాను సర్దుకుంటున్నాడు. స్కేలు, భూతద్దం, ప్లాస్టిక్ డబ్బాలో పెన్సిళ్ళు.

"నీకు ఎరికేనా అన్నా?"

కేబుల్ చూసి తల వంచుకున్నాడు. "ఎరికే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు అతికిచ్చిన తెల్లారే. బట్ట మొత్తం గిట్లనే ఖరాబైంది. సేటు గప్పుడు గూడ గిట్లనే అడిగిండు, ఎవల తప్పు అని."

"నీదని చెప్పినవా?"

"మరేం చెప్పాలె? నీ ముందటి ఎలక్ట్రీషియన్‌ను ఒక్క ఫ్యూజు కోసం ఎల్లగొట్టిండు. నువ్వు అప్పుడే పెండ్లం పిల్లల తోని దిగినవ్. నన్ను తిడ్తడుగని తీసెయ్యడు. గప్పుడు మాస్టర్లు దొరుకుతుండెనా?"

తిట్టడమే కాదు. నెల రోజులు, అట్టలు కొట్టే పని లేనప్పుడల్లా ఆయన్ని కుర్చీలోంచి లేపి, అందరి ముందూ మగ్గం మీద కూర్చోబెట్టారు. అది నాకు గుర్తుంది. ఏదో తప్పు చేసి ఉంటాడులే అనుకుని, కొత్తగా చేరిన నేనూ పక్కవాళ్ళతో కలిసి నవ్వాను కూడా.

"మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్క నిమిషం పని గద అన్నా. వైరు మార్చేటోన్ని."

"చెప్పిన తమ్మీ. జర వైరు ఒక్కసారి సూడుమని అడిగిన. 'నీ పని నువ్వు సూస్కో, నా పనిల వేలు వెడితే మంచిగుండది' అన్నవ్. గా మాటకు నా పానం చిన్నవోయింది. మళ్ళ అడగబుద్ది గాలే."

నాకు ఆ మాట అన్నట్టు గుర్తే లేదు. అందుకే అది నిజమని తెలిసింది. అలాంటివి నాకెప్పుడూ గుర్తుండవు, పడినవాళ్ళకే గుర్తుంటాయి.

"ఇగ ఏం జేస్త? కంప్యూటర్‌లనే సదురుకున్న" అన్నాడాయన. ప్రతి డిజైన్ గీయడం అయిపోయాక, తెరమీద పోగుకో గీత చొప్పున ఉండే ప్రతి ఎనిమిది గీతల్లో మూడోదాన్ని తీసి నాలుగో చోట, నాలుగోదాన్ని తీసి మూడో చోట పెట్టేవాడట. తప్పు వైరులో నుంచి వెళ్ళేసరికి అవి మళ్ళీ వాటి చోట్లకు వచ్చేవి. "పది డిజైన్లు అయినంక చెప్దామనుకున్న. తర్వాత యాబై అయినయ్. ఇగ నూరు దాటినంక వైరు సక్కగ జేస్తె గవన్ని ఖరాబైతయ్ గద. గట్లనే నడిచింది."

అందరం ఐదున్నరకు గేటు దాటితే ఆయన మాత్రం రోజూ ఆరున్నర దాకా కూర్చునేవాడు. చేతకాక అనుకునేవాళ్ళం. ఆయన చేతకానితనం మీద నేను వేసిన జోకులకు లెక్కలేదు. ఆ గంట నాదని ఆ రోజు తెలిసింది. పదమూడేళ్ళపాటు రోజుకో గంట, నా ఉద్యోగం కోసం, నాకు తెలియకుండా.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఏడ్చాను. దాచడమెందుకు, ఆ వయసులో గుండెలు పగిలేలా ఏడ్చాను.

"అప్పుడంటే నిన్ను తీసెయ్యడని నీదన్నవ్. ఇయ్యాల తీసేస్తడని ఎరుక గద. ఇయ్యాల ఎందుకన్నవన్నా?"

ఆయన పెన్సిళ్ళ డబ్బాకు మూత పెట్టాడు. నిజంగానే ఆయనకూ తెలిసినట్టు లేదు.

"అలవాటైపోయింది తమ్మీ" అన్నాడు.

రెండు బస్సులు మారి ఇచ్ఛాపూర్ వెళ్ళాను. దారంతా మా ఆవిడ రైల్లో వేయించుకున్న ఒట్టే గుర్తొచ్చింది, కానీ ఈసారి నోరు తెరవక తప్పదు. సేటు కొత్త షెడ్డులో మిషన్లు దింపిస్తున్నాడు. రెండు కేబుళ్ళూ ఆయన ముందు పెట్టి, మా హిందీలో మొదటినుంచీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు.

"అప్పుడే తెలిసుంటే నిన్ను ఆ రోజే పంపించేసేవాణ్ణి" అన్నాడు చివరికి.

"తెలుసు సేఠ్. ఇప్పుడు పంపించినా నాకేం అభ్యంతరం లేదు. మాస్టర్ తప్పు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

సేటు రెండు కేబుళ్ళనూ చెరో చేత్తో పట్టుకుని చూశాడు. "తప్పు వైరుతో అతను పదమూడేళ్ళు ఒక్క చీర పాడుకానివ్వలేదు. సరైన వైరుతో నువ్వు ఒక్క రోజులో పాడు చేశావు."

కేబుళ్ళ కోసం చెయ్యి చాపాను.

"సోమవారం పొద్దున వస్తాను. బట్ట చూపించండి" అని కేబుళ్ళు నా చేతిలో పెట్టాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అందుకే ఆయన చెడ్డవాడు కాదన్నాను.

శనివారం పొద్దున్నే నా అద్దంలాంటి కొత్త కేబుల్ ప్లగ్గు విప్పాను. మూడో వైరు ఊడదీసి నాలుగో కాలికి, నాలుగోది మూడో కాలికి అతికించాలి. తెలిసి తెలిసి తప్పు అతకడం ఎంత కష్టమో చేస్తే తెలుస్తుంది. చెయ్యి దానంతటదే సరైన కాలి వైపు పోతుంది. మాస్టర్ పక్కన టార్చి పట్టుకున్నాడు. అయిపోయాక మీటరు ఆయన చేతిలో పెట్టి, "నువ్వు సూడన్నా. తప్పు సక్కగున్నదా?" అన్నాను. నా పనిని ఇంకొకరి చేత పరీక్ష చేయించడం నా జీవితంలో అదే మొదలు. ఆయన ఒక్కో కాలికీ ముల్లు పెట్టి, ఎనిమిదీ చూసి, "బరాబరున్నది" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

శనివారం, ఆదివారం రాత్రుళ్ళు కూడా మిషన్ ఆపలేదు. సోమవారం బట్ట దిగింది. తామర మొగ్గ నున్నగా, ఒక్క పన్ను లేకుండా. సేటు బట్టను వెలుతురుకు పట్టి చూశాడు, మడిచి చంకలో పెట్టుకున్నాడు. తుక్కువాడి మాట మళ్ళీ ఎత్తలేదు. పోతూ పోతూ మాస్టర్ కుర్చీ దగ్గర ఆగి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మాస్టర్‌కు అది చాలు.

పిల్లలూ, మీరు పాత సిస్టమ్‌లను కొత్తవాటి మీదికి ఎక్కిస్తుంటారు. అందులో ఏదైనా వంకరగా కనిపిస్తే మీ చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. సరిచేసే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. ఆ వంకర ఎవరో ఒకరు మోస్తూ ఉంటారు. వాళ్ళను మర్యాదగా అడగండి. రెండోసారి అడిగితే విసుక్కోకండి.

వంకర వైరే ఖాయమైంది కాబట్టి, కొత్త డిజైన్లకు కూడా ఆ మూడూ నాలుగూ మార్చే పని తప్పదు. సరైన కేబుల్ ఇంకోటి చేసి రెండూ వాడుకోవచ్చు, కానీ ఏ డిజైన్‌కు ఏ కేబులో ఒక్కరోజు మరిచిపోతే మళ్ళీ రంపపు పళ్ళే. సేటు ఇంకో అవకాశం ఇవ్వడు. పై వాటా అమ్మాయికి ఇది చెబితే పకపకా నవ్వింది.

"దానికింత ఆలోచనెందుకండీ అంకుల్? చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చేస్తాను. నొక్కితే చాలు, క్షణంలో మార్చేస్తుంది."

"వద్దు బిడ్డా. నేను చేస్త."

"చేత్తోనాండీ? రోజూ గంటా?"

"రోజూ గంట. నేను పోయినంక ఇయ్యి, అప్పుడు పెట్టుకుందురు."

ఆ అమ్మాయి నా మొహం చూసి లాప్‌టాప్ మూసేసింది. నాకు ఆ గంట కావాలి. నేను తీర్చగలిగింది అదొక్కటే, అది కూడా రెండేళ్ళే.

మొదటి రోజు ఐదున్నరకు మాస్టర్‌ను చెయ్యి పట్టుకుని లేపి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి, గేటు దాకా తీసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు వెనక్కి వచ్చాడు. "నీకు రాదు తమ్మీ, తప్పులు వోతవ్" అన్నాడు. "పోతే నన్నే తిడ్తడు, నువ్వు పో" అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని మొదటి ఎనిమిది గీతలు తెరిచాను. మూడోది తీసి నాలుగో చోట పెట్టాను, నాలుగోది తీసి మూడో చోట. కళ్ళు లాగాయి, మెడ పట్టేసింది. పది నిమిషాలకే పారిపోవాలనిపించింది.

ఆరు దాటాక ఫోన్ మోగింది. మాస్టర్ ఇంటినుంచి వదిన. ఆమె నాకెప్పుడూ ఫోన్ చేయదు. గొంతు బాగా తగ్గించి, పక్క గదిలో ఆయనకు వినబడకుండా మాట్లాడుతోంది.

"తమ్మీ, నిజం చెప్పు. మీ అన్న నౌకరి వొయిందా?"

"లేదొదినా. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"మరి గీ యాల్లకే ఇంటికొచ్చిండు."